పోర్షే 911కి ఇంజన్ ఇంకా వెనకే ఎందుకు? ఆ రేసుల చరిత్ర నిజమా, ప్రచారమా?

అడిగినవారు న్యూజెర్సీలో ఉంటారట. 1970ల నాటి 911 ఒకటి కొనాలని చూస్తున్నారు. వారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఇంజన్ వెనక చక్రాలకి కూడా వెనక వేలాడుతుంటుంది. ఇది తప్పు డిజైన్ అని అందరూ అంటారు, మరి అరవై ఏళ్లుగా ఎందుకు మార్చలేదు? రేసుల వారసత్వం అనేది నిజంగా కారులో కనిపిస్తుందా, లేక అమ్ముకోవడానికి చెప్పే కథా? ఏ సంవత్సరం బండి కొంటే మంచిది?"

నేను స్టుట్‌గార్ట్ దగ్గర పాత కార్ల వర్క్‌షాప్‌లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. చేతిలోకి వచ్చే బండ్లలో సగానికి పైగా గాలితో చల్లబడే 911లే. కాబట్టి కొంచెం పెద్ద జవాబే ఇస్తాను, ఓపిక పట్టండి.

ముందు సూటిగా జవాబు. అవును, ఇంజన్ ఉన్న చోటు సాంకేతికంగా ఇబ్బందికరమైనదే. కంపెనీ ఇంజనీర్లకీ ఆ సంగతి మొదటి రోజు నుంచీ తెలుసు. రేసుల వారసత్వం కూడా నిజమే, కాకపోతే బ్రోషర్లలో చెప్పే తీరులో కాదు. రేసుల్లో గెలిచిన డిజైన్‌ని తెచ్చి రోడ్డు మీద పెట్టారని వాళ్లు రాస్తారు. నా దృష్టిలో జరిగింది దాదాపు తిరగేసి: ఒక ఇబ్బందిని రేసుల్లో, ర్యాలీల్లో ఏళ్ల తరబడి సరిదిద్దుకుంటూ వచ్చారు, ఆ దిద్దుబాట్లే ఇవాళ మనం 911 అందం అని చూసేవి. వెనక వెడల్పుగా ఉబ్బిన ఒళ్లు, బాతు తోకలాంటి రెక్క, ముందు గడ్డం కింద పెదవి, ముందూ వెనకా వేర్వేరు వెడల్పు చక్రాలు, అన్నీ ఒకే జబ్బుకి రకరకాల మందులు.

ఆ జబ్బేమిటో మన ఊరి లెక్కలో చెబుతాను. మా తాతగారు తెనాలి వైపు ధాన్యం బస్తాలు ఎడ్లబండిలో వేసేటప్పుడు పక్కనే నిలబడి కేకలేసేవారు. వెనక ఒక్క బస్తా ఎక్కువైతే చాలు, కాడి పైకి తేలుతుంది, ఎద్దుల గొంతు కింద తాళ్లు బిగుసుకుంటాయి. 911 అచ్చం అలా వెనక బరువెక్కిన బండి. మొదటి తరం కారులో మొత్తం బరువులో ఇంచుమించు అరవై శాతం వెనక చక్రాల మీదే ఉంటుంది. ముందు చక్రాలు తేలిక, స్టీరింగ్ చేతిలో గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది. మలుపులో మీరు భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారనుకోండి, బరువు ఒక్కసారిగా ముందుకి వస్తుంది, వెనక టైర్ల పట్టు తగ్గుతుంది. వెనకున్న ఆ ఇంజన్ మాత్రం సుత్తి తలకాయలాగా బయటికి ఊగుతుంది. మీరు రోడ్డుని చూస్తుండగానే తోక మిమ్మల్ని దాటి ముందుకొచ్చేస్తుంది.

మరి ఎందుకు పెట్టారంటే, వారసత్వంగా వచ్చింది కాబట్టి. 1948లో పోర్షే పేరుతో వచ్చిన మొట్టమొదటి 356లో ఇంజన్ వెనక ఇరుసుకి ముందు, అంటే మధ్యలోనే ఉండేది. కానీ అలా పెడితే వెనక సీట్లకీ సామానుకీ చోటు ఉండదు. అందుకే అమ్మకానికి తయారుచేసిన 356లో ఇంజన్‌ని ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లోలాగా వెనక్కి జరిపారు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కొత్త కారు '901' పేరుతో వచ్చినప్పుడు అదే అమరిక కొనసాగింది. ప్యూజో కంపెనీ 'మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి' అని అభ్యంతరం చెప్పడంతో 1964లో పేరు 911 అయింది. ఆకారం గీసింది కంపెనీ అధిపతి ఫెర్రీ పోర్షే పెద్ద కొడుకు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే. ఆరు సిలిండర్ల ఇంజన్ తుది రూపం వెనక ఇంజనీర్లు ఫెర్డినాండ్ పీయెచ్, హాన్స్ మెట్స్‌గర్ ఉన్నారు. రెండు లీటర్లు, 130 హార్స్‌పవర్. ఈ ఇంజన్‌లో మూడేసి సిలిండర్లు అటూ ఇటూ పడుకుని ఉంటాయి కాబట్టి ఎత్తు తక్కువ. బరువు వెనక ఉన్నా కనీసం నేలకి దగ్గరగా ఉంటుంది.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. వెనక బరువుకి లాభం కూడా ఉంది, అది లేకపోతే ఈ కథ పదేళ్లలో ముగిసిపోయేది. తిప్పే చక్రాల మీదే బరువు ఉంటే బండి జారదు. మలుపు చివర యాక్సిలరేటర్ తొక్కగానే మిగతావాళ్ల చక్రాలు గిర్రున తిరుగుతుంటే ఇది బయల్దేరిపోతుంది. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకి వస్తుంది కదా, అప్పుడు నాలుగు చక్రాలూ దాదాపు సమానంగా పని పంచుకుంటాయి. ముందు ఇంజన్ ఉన్న కారులో అదే సమయంలో వెనక బ్రేకులు ఇంచుమించు ఖాళీగా కూర్చుంటాయి.

అందుకే 911 మొదట పేరు తెచ్చుకున్నది ట్రాక్ మీద కాదు, మంచులో. 1965 మోంటే కార్లో ర్యాలీకి హెర్బెర్ట్ లింగె, పీటర్ ఫాల్క్ కొత్త 911 తీసుకెళ్లి ఐదో స్థానంలో వచ్చారు. 1968లో విక్ ఎల్‌ఫర్డ్ అదే ర్యాలీ గెలిచాడు. 1969, 1970 రెండేళ్లూ బ్యోర్న్ వాల్డెగోర్డ్ గెలిచాడు. వరుసగా మూడు. ఆల్ప్స్ కొండల్లో, రాత్రిపూట, గడ్డకట్టిన రోడ్ల మీద. నాకు ఈ మూడు గెలుపులూ ఏ ట్రాక్ గెలుపు కంటే కూడా ఎక్కువ అర్థవంతంగా కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ గెలిపించింది ఇంజన్ ఉన్న చోటే.

ఇక మందుల సంగతి. మొదటి మందు చాలా నాటుది, వింటే నవ్వొస్తుంది. తోక ఊగుతోందని ఫిర్యాదులు రాగానే ముందు బంపర్ లోపల రెండు మూలల్లో 11 కిలోల చొప్పున పోత ఇనుప దిమ్మలు పెట్టారు! స్పోర్ట్స్ కారు తేలిగ్గా ఉండాలని గ్రాముల లెక్కలు చూసే కంపెనీ, 22 కిలోల ఇనుము అమ్మింది. బండి వెనక బరువెక్కితే ముందు ఒక రాయి పెట్టినట్టు. ఇప్పటికీ 1966, 67 బండ్లు విప్పినప్పుడు ఆ దిమ్మలు కనిపిస్తే మా కుర్రాళ్లు ఫొటోలు తీసుకుంటారు.

రెండో మందు తెలివైనది. 1969 మోడల్‌కి ఇరుసుల మధ్య దూరాన్ని 2,211 మిల్లీమీటర్ల నుంచి 2,268కి పెంచారు. 57 మిల్లీమీటర్లే, అంటే ఇంచుమించు మూడు వేళ్ల వెడల్పు. కానీ ఎలా పెంచారో చూడండి: ఇంజన్‌ని కదపలేదు, వెనక చక్రాలనే వెనక్కి జరిపారు. దాంతో ఇంజన్ వేలాడే దూరం తగ్గింది. ఒక పెద్ద బ్యాటరీ బదులు రెండు చిన్నవి తెచ్చి ముందు మూలల్లో పెట్టారు, ఆ ఇనుప దిమ్మల పనే, కానీ ఉపయోగపడే బరువుతో. 1968 బండీ 1969 బండీ ఒకే రోజు నడిపి చూస్తే తేడా మీ నడుముకే తెలుస్తుంది.

1972 మోడల్‌లో ఇంకో అడుగు వేశారు. ఈ ఇంజన్‌లో ఆయిల్ కింద తొట్టిలో ఉండదు, విడిగా ట్యాంకులో ఉంటుంది. మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి పోయి పంపు ఖాళీ పీల్చకుండా రేసు కార్ల నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఆ ట్యాంకుని వెనక చక్రం వెనక నుంచి ముందుకి మార్చారు, కుడి వైపు బయట ఒక మూత పెట్టారు. బరువు కాస్త మధ్యకి వచ్చింది, బాగానే ఉంది. కానీ బంకుల్లో పనిచేసేవాళ్లు ఆ మూత చూసి పెట్రోలు మూతే అనుకుని ఆయిల్ ట్యాంకులో పెట్రోలు పోయడం మొదలుపెట్టారు! మరుసటి ఏడాదికే ట్యాంకు పాత చోటుకి వెళ్లిపోయింది. ఆ ఒక్క ఏడాది బండ్లకి ఇప్పుడు ప్రత్యేకంగా వెతుక్కునేవాళ్లున్నారు.

అసలు మలుపు 1973 కారెరా ఆర్‌ఎస్ 2.7. మీరు అడిగిన 'కారులో రేసు కనిపిస్తుందా' అన్నదానికి ఒక్క బండి చూపించమంటే నేను దీన్నే చూపిస్తాను. గ్రూప్ 4 రేసుల్లో పాల్గొనాలంటే నిబంధన ప్రకారం కనీసం 500 రోడ్డు కార్లు తయారుచేసి అమ్మాలి. 1972 అక్టోబరులో పారిస్‌లో చూపించారు. 500 అమ్ముడుపోతాయా అని అమ్మకాల విభాగానికి టెన్షన్, చివరికి 1,580 అమ్ముడుపోయాయి. తేలిక రకం 960 కిలోలు, 210 హార్స్‌పవర్. పలచని రేకు, పలచని అద్దం, వెనక సీట్లు లేవు, గడియారం లేదు, తలుపు లాగడానికి ఒక పట్టీ. సిలిండర్ గోడలకి వేసిన నికాసిల్ పూత 917 రేసు కారు నుంచి వచ్చింది. ఆ పూత వల్లే సిలిండర్ వెడల్పుని 90 మిల్లీమీటర్లకి పెంచి 2.7 లీటర్లు చేయగలిగారు.

తోక మీద ఉన్న ఆ చిన్న రెక్కని జర్మన్‌లో 'బ్యుర్ట్‌సెల్' అంటారు, బాతు తోక అని. వీపు వాలుగా ఉన్న ఏ కారుకైనా వేగంలో గాలి వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది. బరువంతా వెనకే ఉన్న కారుకి వెనక టైర్ల పట్టు తగ్గడం అంటే ప్రాణం మీదికి రావడమే. గాలి సొరంగంలో పరీక్షలు చేసి ఇంజనీర్లు ఆ తోక పెట్టారు. దానితోపాటు ముందు 6 అంగుళాల చక్రాలు, వెనక 7 అంగుళాలవి. రోడ్డు మీద నడిచే 911లో ముందూ వెనకా వెడల్పు తేడా పెట్టింది ఇందులోనే మొదటిసారి. వెనక రెక్కలు (చక్రాల పైభాగాలు) ఉబ్బింది అందుకే. అందం కోసం గీసిన గీత కాదది.

దాని రేసు రూపం ఆర్‌ఎస్‌ఆర్, 1973 ఫిబ్రవరిలో డేటోనా 24 గంటల రేసు గెలిచింది. పీటర్ గ్రెగ్, హర్లీ హేవుడ్ నడిపారు. తనకంటే ఎంతో వేగమైన ప్రోటోటైపులు (రేసు కోసమే కట్టిన కార్లు) ఒక్కొక్కటే చెడిపోతుంటే ఇది ఆగకుండా తిరిగింది. అదే ఏడాది సిసిలీ కొండదారుల్లో జరిగే టార్గా ఫ్లోరియో కూడా హెర్బెర్ట్ ముల్లర్, గైస్ వాన్ లెన్నెప్ గెలిచారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో భాగంగా ఆ రేసు జరగడం అదే ఆఖరుసారి. అప్పటికి ఆరేళ్లకు పైగా పోర్షే ఆ పేరు పెట్టుకుని, పైకప్పు తీసేయగలిగే 911ని 'టార్గా' అని అమ్ముతోంది కూడా.

ఆ తోక గురించి నా అనుభవం ఒకటి. కొన్నేళ్ల క్రితం ఒకాయన 1970ల మొదట్లోని మామూలు 911కి బాతు తోక మాత్రం తెచ్చి బిగించుకున్నాడు. చూడ్డానికి ఆర్‌ఎస్‌లా ఉంది, ముందు పెదవి మాత్రం పెట్టలేదు. వారానికే తిరిగొచ్చాడు, గంటకి 160 కిలోమీటర్లు దాటితే స్టీరింగ్ చేతిలో లేనట్టు ఉంటోందని. ఉండదు మరి! వెనక భాగాన్ని గాలితో కిందికి తొక్కిస్తే, ముందు ఎలాగూ తేలికే కదా, ఇంకా తేలిపోతుంది. రెండూ జంటగా పనిచేస్తాయి. ముందు పెదవి బిగించి పంపాం, మళ్లీ రాలేదు. మీరు చూసే పాత బండ్లలో ఇలాంటి సగం అలంకారాలు చాలా ఉంటాయి, జాగ్రత్త.

1974 చివర్లో వచ్చిన 911 టర్బో గురించి ఎక్కువ చెప్పను, దాని మీద ఇప్పటికే కావలసినంత రాశారు. 917 రేసు కార్ల టర్బో అనుభవంతో చేసిన 3 లీటర్ల ఇంజన్, 260 హార్స్‌పవర్. తొక్కిన తర్వాత కాసేపు ఏమీ రాదు, తర్వాత అంతా ఒకేసారి వస్తుంది. మలుపు మధ్యలో అలా వస్తే ఏమవుతుందో పైన చెప్పిన సుత్తి లెక్కతో ఊహించుకోండి. 'విధవల్ని చేసే కారు' అని పేరొచ్చింది ఊరికే కాదు. దాని రేసు వంశం 935. నిబంధనల్లో చక్రాల పైభాగాల ఆకారం మీద ఆంక్షలు లేవని పోర్షే రేసు ఇంజనీరు నార్బర్ట్ సింగర్ గమనించి, లైట్లని కిందికి దింపి ముక్కు చదును చేసేశాడు. 1979లో క్రెమర్ సోదరుల జట్టు తయారుచేసిన 935 కే3 ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసు గెలిచింది. రెండో స్థానంలో వచ్చింది కూడా 935, దాన్ని నడిపిన ముగ్గురిలో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ఒకడు.

ఇప్పుడు ప్రచారం ఎంత అన్నది. షోరూమ్‌లో లె మాన్ విజయాల జాబితా చూపించి 911 పక్కన నిలబెడతారు. పోర్షేకి అక్కడ 19 విజయాలున్న మాట నిజం. కానీ వాటిలో చాలావరకు 917, 956, 962, 919 లాంటి మధ్య ఇంజన్ రేసు కార్లవి. 911 రక్తం ఉన్న గెలుపు 1979ది. 1998లో గెలిచిన దాని పేరు '911 జీటీ1' అయినా ఇంజన్ మధ్యలోనే ఉంది, దాన్ని 911 అనడం నాకైతే మింగుడుపడదు. అంతకంటే పెద్ద సాక్ష్యం: 2017 సీజన్‌కి ఫ్యాక్టరీ జట్టు 911 ఆర్‌ఎస్‌ఆర్‌లో ఇంజన్‌ని వెనక ఇరుసుకి ముందుకి మార్చేసింది. కారు కింద వెనక భాగంలో గాలిని మళ్లించే డిఫ్యూజర్‌కి చోటు కావాలి, అక్కడ ఇంజన్ అడ్డం. 2018 లె మాన్‌లో తన క్లాసు కూడా గెలిచింది. అంటే యాభై ఏళ్లకు పైగా సాగిన దిద్దుబాట్ల తర్వాత ఫ్యాక్టరీ రేసు ఇంజనీర్లు చివరికి అసలు జబ్బునే తీసేశారు. రోడ్డు కారులో మాత్రం తీయలేదు, తీస్తే వెనక సీట్లు పోతాయి, దానితోపాటు 911 అనే పేరుకి అర్థం కూడా. ప్రైవేటు జట్లకి అమ్మే 911 జీటీ3 ఆర్ రేసు కారులో ఇప్పటికీ ఇంజన్ వెనకే ఉంటుంది.

'ఎందుకు మార్చలేదు' అన్నదానికి ఇంకో సంగతి: మార్చబోయారు. 1977లో ముందు ఇంజన్‌తో 928 తెచ్చింది 911ని సాగనంపడానికే. 1981లో పీటర్ షుట్జ్ పోర్షే అధిపతిగా వచ్చాక, ఇంజనీరింగ్ పెద్ద హెల్ముట్ బోట్ గదిలో గోడ మీద చార్టు చూశాడట. మిగతా కార్ల గీతలు ముందుకి సాగుతున్నాయి, 911 గీత 1981 దగ్గర ఆగిపోయింది. మార్కర్ తీసుకుని ఆ గీతని చార్టు దాటి గోడ మీదికి పొడిగించాడని ఆయనే చెప్పుకున్న కథ. కథలో మసాలా ఎంతో గానీ, 911 బతికింది. 928 మాత్రం 1995లో ఆగిపోయింది.

మీరు కొనే బండి సంగతి. 1974 నుంచి 77 వరకు వచ్చిన మామూలు 2.7 ఇంజన్ల మీద మోజు పడకండి. ఇంజన్ కేసు మెగ్నీషియంది, తేలిక. కానీ వేడికి సిలిండర్ హెడ్లని పట్టి ఉంచే స్టడ్లు (పొడవాటి మరల కడ్డీలు) కేసులోంచి ఊడి వచ్చేస్తాయి. అమెరికాకి వెళ్లిన బండ్లలో పొగ నియంత్రణ కోసం పెట్టిన థర్మల్ రియాక్టర్లు ఆ వేడిని ఇంకా పెంచాయి. ముందే ఎవరైనా స్టడ్లకి కొత్త మరలు వేసి సరిచేసి, బిల్లులు చూపిస్తే ఆలోచించవచ్చు. నన్నడిగితే 1978-83 మధ్య వచ్చిన 911 ఎస్‌సీ చూడండి. 3 లీటర్లు, అల్యూమినియం కేసు, 1976 మోడల్ నుంచి మొత్తం బాడీకి జింకు పూత ఉంది కాబట్టి తుప్పు బాధ తక్కువ. ఒక్క చైన్ టెన్షనర్లు (ఇంజన్ లోపలి చైన్‌ని బిగువుగా పట్టి ఉంచేవి) మాత్రం తర్వాతి కారెరా 3.2లో వచ్చిన ఆయిల్ ఒత్తిడి రకానికి మార్చారో లేదో అడగండి. మార్చకపోతే అది మొదటి ఖర్చు అనుకోండి. 1976కి ముందు బండి అయితే ముందు బ్యాటరీ పెట్టెలు, గుమ్మాల కింద, ముందు సస్పెన్షన్ బిగించే చోటు, మూడూ లిఫ్ట్ మీద ఎత్తి టార్చి వేసి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఆర్‌ఎస్ అని చెప్పి ఎవరైనా అమ్మజూపితే ఛాసిస్ నంబరు నిపుణుల చేత చూపించండి, నకళ్లు కోకొల్లలు.

టైర్లు. ఇది నా రెండో అనుభవం, దీనికి మాత్రం నవ్వలేను. ఒక కుర్రాడు డబ్బులు తక్కువై ముందు రెండే కొత్తవి వేయించుకున్నాడు, వెనకవి అరిగినవే. వానలో హైవే దిగే వంపు, పోను పోను బిగుసుకునే రకం. వేగం ఎక్కువైందనిపించి కాలు తీశాడు. బండి ఒకటిన్నర చుట్టు తిరిగి గార్డ్ రైలుకి కొట్టుకుంది. మనిషికి ఏమీ కాలేదు, బండి మాత్రం ఎనిమిది నెలలు మా దగ్గరే ఉంది. ఈ కారుకి వెనక టైర్లు ముందువాటికంటే ఎప్పుడూ మెరుగ్గా ఉండాలి. వంపులోకి వెళ్లేముందే బ్రేక్ వేసి వేగం తగ్గించండి, లోపలికి వెళ్లాక కాలు తీయకుండా యాక్సిలరేటర్‌ని సన్నగా పట్టుకునే ఉండండి. పెట్రోలు ట్యాంకు ముందే ఉంది కాబట్టి, మొదటి నెల నిండు ట్యాంకుతో తిప్పితే ముందు కాస్త బరువుగా, ధైర్యంగా ఉంటుంది.

ఆయిల్ చూసేటప్పుడు ఇంజన్ బాగా వేడెక్కి, చదును నేల మీద, ఆన్‌లో ఉండగానే డిప్‌స్టిక్ తీయండి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే తక్కువ చూపిస్తుంది. మీరు లీటరు పోస్తారు, అది పొంగి ఎయిర్ ఫిల్టర్‌లోకి పోయి వెనక తెల్లటి పొగ. కొత్తగా కొన్నవాళ్లలో ముగ్గురిలో ఒకరు ఇదే కంగారుతో నాకు ఫోన్ చేస్తారు.